కొండపల్లి యాత్ర మానవలెనా?

గత సంవత్సరము ఫిబ్రవరి మాసమున మా పాఠశాల తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని కొండపల్లి కోటకు పోయివచ్చితిమి. ఆ యాత్రలో జరిగిన యొక సంగతి ఊరిలో నలుగురి నోట బడి, పెరిగి పెరిగి, చివరకు "మాస్టర్లు పిల్లవానిని అడవిలో విడిచివచ్చిరట" అను మాటగా మారినది. దాని ఫలితముగా ఈ సంవత్సరము కొందరు తలిదండ్రులు ప్రధానోపాధ్యాయులవారికి విన్నపము వ్రాసి, ఇకమీదట పిల్లలను అడవి చోట్లకు తీసికొనిపోరాదనియు, విహారయాత్ర తప్పనిసరియైనచో జారుడుబల్లలు, నీటికొలనులు గల ఏదేనియొక పార్కునకు తీసికొనిపోవుట మేలనియు కోరియున్నారు. మన పత్రికా సంపాదకులు ఈ విషయమున మా యభిప్రాయము వ్రాయుమని యడిగిరి. పిల్లవానిని విడిచిన మాస్టర్లలో మేమే మొదటివారము గనుక వ్రాయవలసిన బాధ్యతయు మాదే.

మా యభిప్రాయము ముందే చెప్పెదము. యాత్రను మానరాదు. అయితే మా తప్పు చెప్పుకొనక ఈ మాట యన్నచో ఎవరును వినరు, వినకపోవుటయు న్యాయమే. కావున జరిగినది జరిగినట్లు వ్రాయుచున్నాము.

ఆ దినమున 46 మంది విద్యార్థులము, ముగ్గురుపాధ్యాయులము బయలుదేరితిమి. (విద్యార్థులము అని వ్రాసితిమి, కొండ యెక్కునపుడు ఉపాధ్యాయులును విద్యార్థులే గనుక దిద్దక విడిచితిమి.) ఉదయము 8 గంటలకు బస్సు మమ్ము కొండపల్లిలో దింపినది. ఇప్పుడు కొండపైకి మోటారు బాట కలదు. కార్లును, మోటారు సైకిళ్లును పైవరకు పోవుచున్నవి. మేము మాత్రము ఊరి వైపునుండి కోట ద్వారములగుండా పోవు పాత కాలిబాటనే పట్టితిమి. ఆ బాట రాళ్లబాట. ఇరువైపుల ఆకు రాలిన చెట్లు. ఆ కాలమున ఆ యడవి చూచువారికి ఎండిపోయినట్లే తోచును. కాని ఎండుటాకుల క్రింద తొండ కదలినను పిల్లలు ఆగిరి. కొమ్మమీద పిట్ట యరచినను ఆగిరి. తరగతిలో ముప్పావుగంట నిశ్శబ్దముగా నుండలేని పిల్లలు ఆ బాటమీద ఎవరు చెప్పకయే గొంతు తగ్గించి మాటలాడుట మేము చూచితిమి.

బాట మీద ఒకదాని వెనుక నొకటిగా మూడు ద్వారములు వచ్చును. మొదటి ద్వారమునకు దర్గా దర్వాజా యని పేరు. ఆ నిలువు రాళ్ల ఎత్తు చూచి ఒక బాలుడు తన చేయి పైకెత్తి, తన స్నేహితుని భుజములమీద నెక్కి మరల ఎత్తి, ఐనను అందక దిగినాడు. కొండ నడికట్టున తానీషా మహలు కలదు. దాని క్రింది యంతస్తున అనేకములైన గదులు, పైన విశాలమైన శాల. ఇటీవలి సంవత్సరములలో దానిలో కొన్ని భాగములు బాగుచేయబడినవి. తక్కినవి వేప, రావి మొలకలు గోడల సందులలో వేళ్లు దింపగా, రాయికొకటిగా విడిపోవుచున్నవి.

అక్కడనే ఆ సంగతి జరిగినది. మహలు వెనుక గోడమీద ఒక బాలుడు మేకుతో తన పేరు గీయుచుండగా మేము చూచితిమి. ఆ గోడమీద అంతకుముందే ఎన్ని పేర్లున్నవో లెక్కలేదు. ప్రేమికుల జంట పేర్లు, కళాశాలల పేర్లు, ఊర్ల పేర్లు. కొన్ని రంగుతో వ్రాసినవి, కొన్ని ఉలితో చెక్కినట్లు లోతుగా నున్నవి. వానిని వ్రాసినవారు పిల్లలు గారు. కాని వారెవరును మా యెదుట లేరు. ఈ బాలుడు ఉన్నాడు. 45 మంది తోటివారి ముందర వానిని నిలువబెట్టి, రాజుల గోడ నీ పలక యనుకొంటివా యని, ఇంకను వ్రాయదగని మాటలతోను మందలించితిమి. కొందరు పిల్లలు నవ్విరి. ఆ నవ్వును మేము ఆపలేదు.

భోజనములైనవి. పిమ్మట కోనేటికి పోయితిమి. అది లోతైన జలాశయము, ఊటనీరు. ఆ నీరు మిక్కిలి చల్లనిదనియు, త్రాగినవారికి జ్వరము వచ్చుననియు పూర్వులు చెప్పుకొనెడివారు. దానికి ఆవలివైపున ధాన్యపు కొట్లు. చీకటి, గబ్బిలముల కంపు. పిల్లలకు అన్నిటికంటె ఈ కొట్లే నచ్చినవి. మరల దర్గా దర్వాజా దగ్గరకు దిగివచ్చి లెక్కపెట్టగా 45 మంది తేలిరి. మరల లెక్కించితిమి. 45 మందియే.

అప్పటి మా గుండె చప్పుడును గూర్చి వ్రాయుట ఈ వ్యాసమునకు పనికిరాదు. ఒక ఉపాధ్యాయుడు పిల్లలందరిని ద్వారము నీడలో కూర్చుండబెట్టి యుండిపోయెను. తక్కిన యిరువురము పైకి పరుగెత్తితిమి. మేకలు మేపుకొను ఒక వృద్ధుడు మాతోగూడ వచ్చి, అడవిలోనికి పోవు ప్రతి దారి దగ్గరను నిలిచి కేక వేసెను. దాదాపు 50 నిమిషములు గడచిన పిమ్మట బాలుడు కనబడెను. వాడు ఎక్కడికిని తప్పిపోలేదు. మహలు వెనుకనే, ఆ గోడ దగ్గరనే కూర్చుండి, ఒక గులకరాతితో తన పేరును అరగదీయుచుండెను. మేము పిలిచిన పిలుపులు వినెనట. చెరపుట పూర్తికాక ముందు వచ్చిన మరల తిట్టుదుమని పలుకలేదట. మేకుతో గీసిన నాలుగక్షరములు పోయినవి. వాని చోట జానెడు వెడల్పున తెల్లని మచ్చ యొకటి యేర్పడినది. పేరుకంటె ఆ మచ్చయే పెద్దది.

జరిగినది ఇంతే. అడవి యా పిల్లవానిని ఏమియు చేయలేదు. చేసినది మా నోరును, మా లెక్క తప్పుటయును. కొట్ల దగ్గర ఒకసారి, కోనేటి దగ్గర ఒకసారి లెక్కపెట్టియున్నచో ఆ 50 నిమిషములు ఉండెడివే గావు. అంతకంటె పెద్ద తప్పు ఇంకొకటి కలదు. గోడమీద ఏల వ్రాయరాదో మేము ఆ పిల్లలకు ముందు చెప్పనే లేదు. కోట రాష్ట్ర పురావస్తు శాఖవారి రక్షణలో నున్నదని చెప్పితిమి గాని, ఆ సున్నపు పూత ఒకసారి రాలినచో దాని వెనుక వాన నీరు దిగుననియు, నీరు దిగిన చోట విత్తనము మొలకెత్తుననియు, మొలక వేరు లావెక్కి రాతిని త్రోయుననియు చూపలేదు. చూపుటకు కావలసినవన్నియు పది గజముల దూరముననే యుండెను. శిక్షణ కళాశాలలో చదువుకొన్ననాడు, వస్తువు ఎదుట నున్నపుడు మాటతో బోధింపరాదని మేమే పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి.

మరునాటి యుదయము ఆ బాలుని తండ్రి బడికి వచ్చెను. కూలిపని చేసికొను మనుష్యుడు. ఆనాటి పని మానుకొని వచ్చెను. మమ్ము నిలదీయుటకే వచ్చెనని తలచి లేచి నిలుచుంటిమి. ఆయన నిలుచున్నచోటనే నిలిచి, "మాస్టారూ, ఆ గోడకు మేమేమైన డబ్బు కట్టవలసి యుండునా?" అని యడిగెను. అక్కరలేదంటిమి. ఆయన మాట నమ్మక రెండుసార్లడిగి పోయెను. విన్నపముమీద సంతకము చేసినవారిలో ఆయన లేడు.

ఇక విన్నపములోని మాటలకు వచ్చెదము.

"అక్కడ చూచుటకేమున్నది, పడిపోయిన రాళ్లు తప్ప?" అని యొకరు వ్రాసిరి. ఈ మాట మా పాఠ్యపుస్తకమునకే తగిలినది గాని కోటకు తగులలేదు. చరిత్ర పాఠములో కొండపల్లి పేరు ఒకటి రెండు వాక్యములలో వచ్చి పోవును. దానిని బోధించుటకు మేము చాల సంవత్సరములు ఒక పటము మీద చుక్క పెట్టి చూపితిమి. 14వ శతాబ్దిలో రెడ్డిరాజులనాటి కోట, తరువాత గజపతులు, బహమనీలు, 16వ శతాబ్ది తొలి పాదమున కొండవీటిని జయించిన వెనుక కృష్ణదేవరాయలు, ఆ వెనుక గోలకొండ కుతుబ్‌షాహీలు, 1687లో ఔరంగజేబు, 1766లో ఇంగ్లీషు సేనాని కైలాడ్, 1859లో ఇంగ్లీషువారు తమ దండును తీసివేయుటతో కోట పాడుపడుట. పిల్లలు దీనిని వల్లెవేసి అప్పచెప్పుదురు. ఎవడు ఎవని పిమ్మట వచ్చెనో తెలియును. ఒకడు పోయి యింకొకడు రావలసినంత విలువ ఆ కొండకు ఏల కలిగెనో తెలియదు.

కొండమీద నిలిచినపుడు చెప్పనక్కర లేకయే అది తెలిసినది. బెజవాడకు ఎంతో దూరము గాని ఈ కొండల వరుస కృష్ణ దగ్గరి మైదానమును, తెలంగాణమునకు పోవు దారిని కనిపెట్టుకొనియున్నది. కోట రెండవ ప్రక్కన నున్న ద్వారమునకు గోలకొండ దర్వాజా యని పేరుండుట ఊరకగాదు. కొట్లను చూచినపుడు ఒక బాలిక వేసిన ప్రశ్న మేమింకను మరువలేదు. "ఇంత ధాన్యమును ఎవరు మోసికొని వచ్చిరండీ? మనము ఉత్త చేతులతో ఎక్కుటకే ఆయాసపడితిమి గదా." మా పాఠములో పట్టుకొన్నవారి పేర్లున్నవి, మోసినవారి సంగతి లేదు. తెలియదని చెప్పితిమి. పటము మీది చుక్క యెన్నడును ఏ విద్యార్థిచేతను ఇట్టి ప్రశ్న వేయించలేదు.

"అడవిలో మృగములున్నవి" అనునది రెండవ యాక్షేపణ. నిజమే. ఆ రిజర్వు అడవి దాదాపు 30,000 ఎకరముల వైశాల్యము గలది. చిరుతలు, అడవి పందులు, నక్కలు అందున్నవి. అందుచేతనే బాట విడిచి పోరాదు, సాయంకాలము వరకు నిలువరాదు. మేము 3 గంటలకు దిగవలెనని పెట్టుకొన్న నియమము అందుకొరకే. కాని మృగములున్నవి గనుక పోరాదనుట యొక సంగతి, మృగములుండుటకు తగినంత యడవి మనకు ఇంత దగ్గరలో మిగిలియున్నదని పిల్లలకు తెలియుట యింకొక సంగతి. బెజవాడ చుట్టు కొండలు ఇండ్లతో నిండిపోవుట చూచుచు పెరిగిన పిల్లలకు, కొండయనగా ఇండ్లు కట్టుకొనుటకు మిగిలిన చోటనియే తోచుచున్నది.

ఆ యడవిలో నొక చెట్టును గూర్చి కొంచెము విస్తరించి వ్రాసెదము. మా వాదమంతయు దానిమీదనే నిలిచియున్నది. దానిని తెల్లపొణికి యందురు. బెరడు తెల్లగా, నున్నగా నుండును. ఆకు రాలిన కాలమున తక్కిన చెట్ల నడుమ అది విడిగా కనబడును.   పిల్లలు దాని కాయలను ఏరి, పైకి విసరి, ఎవరిది ఎక్కువ ఎత్తునకు పోవునో పందెము వేసికొనిరి. మేమును ఒకటి విసరితిమి. దాని కఱ్ఱ తేలికైనది, మెత్తనిది. కొండపల్లి బొమ్మ చేయుట ఈ కఱ్ఱతోనే.

మన యిండ్లలో సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టువారు పెట్టుదురు, పెట్టనివారు పెట్టరు. ఐనను అంబారీ యేనుగో, తలయూపు తాతయో, తాడిచెట్టు నెక్కు మనిషియో ఒకటి ఏ గూటిలోనైన నుండకపోదు. మా పాఠశాల కార్యాలయములోనే గాజు బీరువాలో ఒకటున్నది. ఆ దినమున వచ్చిన 46 మందిలో కొండపల్లి బొమ్మను చూడనివాడు లేడు. ఆ బొమ్మ చెట్టును చూచినవాడును ఒక్కడు లేడు. మేము సైతము చూడలేదు. మేకలు మేపు ఆ వృద్ధుడే వ్రేలితో చూపెను.

పిల్లవానిని వెదకుటలో కాలము పోయినందున, దిగిన పిమ్మట బొమ్మలు చేయువారి వాడలో అరగంట మాత్రమే నిలువగలిగితిమి. ఐనను కొంత చూచితిమి. కఱ్ఱ ముక్కలను సన్నని సెగమీద వెచ్చబెట్టి తేమ తీయుదురు. చేయి, కాలు, తొండము విడివిడిగా చెక్కి, చింతగింజల బంకతో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. ఆరిన వెనుక నున్నగా చేసి, సుద్ద పూసి, పిదప రంగులు వేయుదురు. ఒక యింటిలో తాతయు, కోడలును, మనుమరాలును ఒకే యేనుగుమీద మూడు పనులు చేయుచుండిరి. కఱ్ఱ దొరకుట కష్టమగుచున్నదని తాత చెప్పెను. చెట్టు పెరుగుటకు ఏండ్లు పట్టును; కొట్టుటకు పూట చాలును. అడవిని కాపాడవలెనన్నచో కొట్టనీయరాదు, బొమ్మను కాపాడవలెనన్నచో కఱ్ఱ కావలెను.

తిరుగు ప్రయాణమున బస్సులో పిల్లలు దీనినిగూర్చి వాదులాడిరి. బొమ్మలను వేరు కఱ్ఱతో చేయరాదా యని ఒకడు. చేసినచో అది కొండపల్లి బొమ్మ యెట్లగునని యింకొకడు. అడవిలో కొట్టుట మానిపించి, పొలముల గట్లమీద పెంచి కొట్టుకొనవచ్చునని ఒక బాలిక. మా మట్టుకు మాకు ఆ బాలిక మాటయే సరియని తోచినది. నాటుటకు అడవి శాఖవారును, బొమ్మలవారును కలిసి పూనుకొనినగాని యిది తేలదు. ఐనను పది సంవత్సరములకు గాని ఫలము రాని పనిని పిల్లలు గాక ఎవరు తలపెట్టుదురు? పిల్లలు జేబులలో దాచుకొని తెచ్చిన కాయలు కొన్ని మా పాఠశాల పెరటిలో పాతిరి. రెండు మొలచినవి. ఒకదానిని మేక తినినది. రెండవది మోకాలెత్తున్నది, చుట్టు ముండ్లకంప పెట్టించితిమి.

ఇక పార్కు సంగతి. మాకు దానిమీద ద్వేషము లేదు. పిల్లలు నీటిలో దుముకవలెను, కేకలు వేయవలెను, అలసిపోవలెను. కాని ఒక్క విషయము విన్నపములో ఎవరును వ్రాయలేదు గనుక మేము వ్రాయుచున్నాము. అట్టి చోట తలకింతయని చీటీ కొనవలెను. లోపల తినుటకు మరల కొనవలెను. కొండపల్లికి బస్సు బాడుగను అందరము పంచుకొంటిమి, అన్నము ఇంటినుండి తెచ్చుకొంటిమి. తొమ్మిదవ తరగతిలో పేరున్న 46 మందియు వచ్చిరి. అంతకు ముందొక సంవత్సరము ఇట్టి పార్కునకు పోయినపుడు 17 మంది ఆ దినమున "జ్వరము" వచ్చి యింటనే నిలిచిపోయిరి. మరునాడు వారందరికిని జ్వరము తగ్గినది. ఎవరికి ఏ జ్వరమో హాజరు పట్టీ పిలుచు మాకు తెలియును. ఆ 17 మందిలో కొండ యెక్కలేనివాడు ఒక్కడును లేడు.

కావున ఈ సంవత్సరమునను కొండపల్లికే పోవలెనని మా మనవి. తలిదండ్రుల భయమును మేము తేలికచేయుట లేదు. అందుకు మేమే కారణమిచ్చితిమి. ఈ పర్యాయము పదిమందికి ఒక పెద్దవారు ఉండవలెను. ఉపాధ్యాయులు చాలనిచో తలిదండ్రులే రావలెను. విన్నపము వ్రాసినవారు ముందు వచ్చినచో మాకు మిక్కిలి సంతోషము. ప్రతి ద్వారము దగ్గరను, కోనేటి దగ్గరను, కొట్లలోనికి పోవుటకు ముందును, వచ్చిన పిమ్మటను లెక్క జరుగవలెను. కోనేటి మెట్లు దిగరాదు. సెల్‌ఫోను ఉపాధ్యాయుల దగ్గర మాత్రమే యుండును. మేకు, సుద్ద, రంగు ఏవియు తేరాదని చెప్పుటతో సరిపుచ్చక, యాత్రకు ముందు వారమున మా పాఠశాల ప్రహరీగోడలో రావిమొక్క మొలచి నెఱ్ఱె విచ్చిన చోట ఒక పాఠము జరుపుదుము. ఆ మొక్కను ఇంతవరకు పెరుకకుండుట మా సోమరితనమే; ఇప్పుడు పాఠమునకు అక్కరకు వచ్చినది. ఎవరినైన మందలింపవలసినచో ప్రక్కకు పిలిచి మందలింతుము. ఇది మేము మాకు పెట్టుకొన్న నియమము.

బొమ్మలవాడకు ఈసారి అరగంట చాలదు. రెండు గంటలు కావలెను. అందుకై కొండమీద మహలు ముందరి ఆటలు తగ్గింతుము.

తలిదండ్రుల సమావేశమున ఈ సంగతి తేలవలసియున్నది. ఏమి నిర్ణయించినను శిరసావహింతుము. అంగీకార పత్రములు కార్యాలయమున సిద్ధముగా నున్నవి. ఆ బాలుడు ఇప్పుడు పదవ తరగతి. పోయిన వారమున మా గదికి వచ్చి, క్రింది తరగతివారితో తానును మరల రావచ్చునా యని యడిగెను. నాన్నగారి సంతకము కావలెనంటిమి. నిర్ణయము కాక ముందే, మరునాటి యుదయమునకే, సంతకముతో పత్రము తెచ్చియిచ్చెను. అది మా బల్ల సొరుగులో నున్నది.